ఉచితమైన ఆటకే ఖర్చెక్కువ

“మా గుంటడు ఫోను ఒగ్గట్లేదు బాబూ, ఏటి సెయ్యమంతావు?”

శ్రీకూర్మంలో ఈ మాట నాకు గుడి వీధిలోనూ వినిపిస్తుంది, కిరాణా కొట్టు దగ్గరా వినిపిస్తుంది. నన్నే ఎందుకడుగుతారంటే, నలభై దాటినా వీడియో గేములు కొనుక్కుని ఆడే మనిషిగా ఊళ్లో నాకు పేరు. కేసెట్ పెట్టి మారియో, కాంట్రా ఆడిన కాలం నుంచి ఈ సరదా నన్ను వదల్లేదు. ఆ జబ్బేదో తెలిసినవాడికి మందు కూడా తెలిసే ఉంటుందని వాళ్ల నమ్మకం. నా జవాబు మాత్రం వాళ్లనుకున్నట్టు ఉండదు. “వాడికి ఒక మంచి ఆట కొనిపెట్టండి పిన్నీ” అంటాను.

“ఊరికే వస్తున్న ఆటల్నే ఆపలేక చస్తున్నాం, మళ్లీ డబ్బులు పోసి కొనాలా?” అని వెంటనే ఎదురు ప్రశ్న వస్తుంది. న్యాయమైన ప్రశ్నే. దానికి నిలబడి చెప్పేంత చిన్న జవాబు లేదు కాబట్టి ఇక్కడ రాస్తున్నాను.

పర్సూ ఆటా ఒకే ఫోన్లో

ముందు మన ఇళ్ల సంగతి చూద్దాం. కళింగపట్నం, బందరువానిపేట, మొగదాలపాడు మొదలుకొని మన గార మండలం తీరం పొడవునా ఎన్నో ఇళ్లలో మగవాళ్లు ఏడాదిలో ఎక్కువ నెలలు ఊళ్లో ఉండరు. కొందరు గుజరాత్‌లోని వెరావల్‌లో బోట్లెక్కుతారు, కొందరు చెన్నైకో హైదరాబాద్‌కో కూలి పనులకు పోతారు. 2025 ఫిబ్రవరిలో వచ్చిన ‘తండేల్’ సినిమా మన జిల్లా మత్స్యకారుల ఈ వలస బతుకు మీద తీసిందే. భర్త పని దగ్గర్నుంచి పంపే డబ్బు ఇక్కడ భార్య ఫోన్‌కి ముడిపడిన ఖాతాలో పడుతుంది. రాత్రి వీడియో కాల్ ఆ ఫోన్‌కే వస్తుంది. బడి వాట్సాప్ గ్రూపూ అందులోనే, పిల్లాడి ఆటా అందులోనే. అమ్మకి అక్షరాలతో ఇబ్బంది ఉంటే కొట్టువాడికి డబ్బు కొట్టేది కూడా పిల్లాడే. పిన్ నంబరు వాడికి నోటికొచ్చు.

అంటే ఇంటి పర్సునీ, ఆటబొమ్మనీ కలిపి ఒకే చేతికి ఇచ్చాం. వాడు దొంగ అవుతాడని నేను అనడం లేదు. పదేళ్ల పిల్లాడి ముందు అంత పెద్ద తలుపు తెరిచి పెట్టడం మన పొరపాటని మాత్రం అంటాను. కాబట్టి మిగతావన్నీ చదివే ముందే ఈ నాలుగు పనులూ చేసేయండి.

యూపీఐ పిన్ మార్చండి. కొత్తది పిల్లాడికి చెప్పకండి. వాడి సాయం కావాల్సొస్తే మిగతాదంతా వాణ్ణి నొక్కనిచ్చి, పిన్ మాత్రం మీ వేలితో మీరు కొట్టండి. ప్లే స్టోర్ సెట్టింగ్స్‌లోకి వెళ్లి, ప్రతి కొనుగోలుకీ పాస్‌వర్డో వేలిముద్రో అడిగేలా పెట్టండి. ఆటోపే పేరుతో నెలనెలా డబ్బు కోసుకుపోయే అనుమతులు ఏమైనా ఉన్నాయేమో మీ పేమెంట్ యాప్‌లో చూసి, అక్కర్లేనివి రద్దు చేయండి. బ్యాంకు నుంచి వచ్చే మెసేజ్‌లు చదవడం అలవాటు చేసుకోండి. మీకు చదవడం రాకపోతే పిల్లాడి చేత కాకుండా ఇంకొకరి చేత చదివించుకోండి. పొరపాటున ప్లే స్టోర్‌లో ఏదైనా కొనేస్తే, 48 గంటల లోపు గూగుల్‌కే నేరుగా డబ్బు వాపసు అడిగే వీలుంది. ఆ గడువు దాటితే ఆట తయారుచేసిన కంపెనీని బతిమాలుకోవాలి.

యూసీ అంటే ఏమిటి?

ఇప్పుడు ఆటల దగ్గరికి వద్దాం. ఏ ఆటనైనా నేను ముందుగా అడిగేది ఒకటే: నీకు డబ్బెక్కణ్ణుంచి వస్తుంది? కొన్ని ఆటలు ఒక్కసారి వెల కట్టి అమ్ముతారు. కట్టేశాక ఆట మొత్తం మనది. కొన్ని ఊరికే ఇస్తారు, ఆడుతుండగా కొంచెం కొంచెంగా రాబట్టుకుంటారు. మన పిల్లల ఫోన్లలో ఉండే బీజీఎంఐ, ఫ్రీ ఫైర్ మ్యాక్స్ రెండో రకం.

ఆ రాబట్టుకోవడం ఎలా ఉంటుందో చూడండి. ఆటలో కనిపించే రంగురంగుల చొక్కా వెల రూపాయల్లో రాసి ఉండదు. బీజీఎంఐలో యూసీల్లో ఉంటుంది, ఫ్రీ ఫైర్‌లో డైమండ్స్‌లో ఉంటుంది. ముందు రూపాయలిచ్చి అవి కొనుక్కోవాలి. యూసీలేమో విడిగా దొరకవు. 60 ఒక కట్ట, 300 పైచిలుకు ఇంకో కట్ట, 600 పైచిలుకు మరో కట్ట. కావలసిన వస్తువు 400 అనుకోండి, 300 కట్ట చాలదు, 600 కట్ట కొంటే కొన్ని మిగిలిపోతాయి. ఆ మిగిలినవి వృథా కాకూడదని ఇంకో వస్తువు చూస్తాడు, దానికి మళ్లీ కొన్ని తక్కువవుతాయి. ఇదంతా లెక్క వేసి పెట్టిందే. వంద రూపాయల నోటు చేతిలో ఉన్నప్పుడు వాడికి దాని విలువ బాగా తెలుసు. అది యూసీలుగా మారిన క్షణం నుంచి అంకె మాత్రమే కనిపిస్తుంది.

అన్నీ అలా నేరుగానూ అమ్మరు. బాగా మెరిసే వస్తువుల్ని స్పిన్‌లో పెడతారు. తిప్పితే ఏదో ఒకటి వస్తుంది, కోరుకున్నది రావడం అదృష్టం. డోలోత్సవం తీర్థంలో రింగులు విసిరే ఆట చూశారు కదా, సబ్బుబిళ్ల తగులుతుంది గానీ గడియారం తగలదు, అలాగే అన్నమాట. కాకపోతే తీర్థం మూడు రోజుల్లో ఎత్తేస్తారు, ఫోన్లోది ఏడాది పొడవునా ఉంటుంది. డబ్బిచ్చి అదృష్టం పరీక్షించుకునే ఇలాంటి పెట్టెలు జూదం కిందికే వస్తాయని బెల్జియం గేమింగ్ కమిషన్ 2018లోనే తేల్చింది. అక్కడ కొన్ని పెద్ద కంపెనీలు వాటిని తీసేయాల్సి వచ్చింది కూడా.

ఇంతకీ బీజీఎంఐలో ఆ చొక్కా వేసుకుంటే గురి ఏమీ మెరుగవదు. మరెందుకంటే, మొదట్లో ఇచ్చిన మామూలు బట్టలతో తిరిగేవాణ్ణి తోటిపిల్లలు ‘నూబ్’ అని ఏడిపిస్తారు. మన పిల్లాడు గెలవడానికి అడగడం లేదు, నలుగురిలో చిన్నబోకూడదని అడుగుతున్నాడు. ఇది తెలిస్తే “పనికిమాలిన బొమ్మబట్టలకి డబ్బులా!” అని మనం కసరం. వాడి బాధ నిజమే, దానికి ఆ కంపెనీ చూపించే మందు మాత్రం మంచిది కాదని నెమ్మదిగా చెప్పగలం.

కొనే ఆటలో ఏముంది?

వెల కట్టి అమ్మే ఆటకి సాధారణంగా ఒక మొదలు, ఒక ముగింపు ఉంటాయి. మీ డబ్బు ముందే తీసేసుకున్నారు కాబట్టి పిల్లాణ్ణి రోజూ రప్పించి కూర్చోబెట్టాల్సిన అవసరం వాళ్లకి అంతగా ఉండదు. ‘ఈరోజు రాకపోతే బహుమతి పోతుంది’ అనే బెదిరింపు చాలా ఆటల్లో కనిపించదు. ఎప్పుడంటే అప్పుడు ఆపి దాచుకోవచ్చు.

ఉదాహరణకి ‘స్టార్‌డ్యూ వ్యాలీ’. 2016లో వచ్చింది. ఎరిక్ బారోన్ అనే కుర్రాడు బొమ్మలూ పాటలూ ప్రోగ్రామూ అన్నీ నాలుగేళ్లకు పైగా ఒక్కడే కూర్చుని తయారుచేశాడు. తాత వదిలిపెట్టిన పొలాన్ని బాగుచేసుకోవడం, విత్తు వేయడం, నీళ్లు పెట్టడం, చేపలు పట్టడం, ఊరివాళ్లతో స్నేహం చేయడం, అదే ఆట. ఫోన్లో కూడా దొరుకుతుంది. ఒకసారి కొన్నాక లోపల ప్రకటనలుండవు, మళ్లీ డబ్బడగడం ఉండదు. ‘మాన్యుమెంట్ వ్యాలీ’ ఇంకోటి, 2014 నాటిది. కళ్లను మోసం చేసే మేడలూ మెట్లూ తిప్పుకుంటూ దారి కనుక్కోవాలి. రెండు గంటల్లో అయిపోతుంది. “అయిపోయిందమ్మా” అని పిల్లాడు తనంతట తాను ఫోను పక్కన పెట్టే ఆటలు ఉన్నాయని చాలామంది తల్లులకి తెలియదు.

ఇంట్లో కంప్యూటర్ ఉంటే మన దేశపు ఆటలే ఉన్నాయి. హైదరాబాద్‌లోని ఓగర్ హెడ్ స్టూడియో 2017లో ‘అసుర’ అనే ఆట తెచ్చింది. పుణేలోని నాడింగ్ హెడ్స్ వాళ్లు 2020లో ‘రాజీ’ చేశారు, తమ్ముణ్ణి వెతుక్కుంటూ అసురులతో పోరాడే ఆడపిల్ల కథ. ఈ రెండూ కొట్లాట ఆటలు కాబట్టి కాస్త పెద్ద పిల్లలకే ఇవ్వండి.

నేను కొనే పద్ధతి

ఆటలు కొనడం నాకు చాలాకాలం నుంచి ఉన్న సరదా. ఆ అలవాట్లలో పిల్లలకి పనికొచ్చేవి చెబుతాను.

ప్రకటన చూసి కొనను. ఎవరో ఆడుతున్న వీడియో యూట్యూబ్‌లో కాసేపు చూస్తాను. ప్రకటనలో ఆట మెరుగు తెలుస్తుంది, ఆడే వీడియోలో ఆట విసుగు కూడా తెలుస్తుంది. మీరూ పిల్లాడి పక్కన కూర్చుని ఆ వీడియో చూడండి. రక్తం, బూతు, భయం మీ ఇంటికి ఎంతవరకు ఫర్వాలేదో అక్కడే తేలిపోతుంది. ప్లే స్టోర్‌లో ప్రతి ఆటకీ 3+, 7+, 12+, 16+, 18+ అని వయసు గుర్తు ఉంటుంది. దాని దగ్గర్లోనే ప్రకటనలున్నాయా, లోపల కొనుగోళ్లున్నాయా అన్నదీ రాసి ఉంటుంది. ఇన్‌స్టాల్ నొక్కే ముందు ఈ మూడూ చూడమని పిల్లాడికే పని అప్పజెప్పండి.

కొత్తగా వచ్చిన రోజే కొనను. కంప్యూటర్‌కీ ప్లేస్టేషన్‌కీ వచ్చే పెద్ద ఆటలు మొదట్లో కొన్ని వేలు పలుకుతాయి. ఏడాదో రెండేళ్లో ఓపిక పడితే చాలావాటి ధర సగానికో అంతకన్నా కిందికో దిగుతుంది. స్టీమ్ అనే కంప్యూటర్ ఆటల దుకాణంలో వేసవిలోనూ శీతాకాలంలోనూ పెద్ద తగ్గింపులు పెడతారు. “ఇప్పుడే కావాలి” అన్న పిల్లాడితో ఆ ఆట పేరు ఒక కాగితం మీద రాయించి, తగ్గింపు వచ్చేదాకా ఆగుదాం అనండి. అప్పటికి ఆ కాగితంలో సగం పేర్ల మీద వాడికే మోజు పోతుంది. మిగిలిన సగం నిజంగా కావలసినవి.

ఒకటి పూర్తయ్యాకే ఇంకోటి. మాలాంటివాళ్లలో ఒక జబ్బుంది. తగ్గింపు అనగానే కొనేసి, ఆడకుండా పేర్చుకుంటాం. దాన్ని బ్యాక్‌లాగ్ అని మాలో మేమే నవ్వుకుంటాం. పిల్లలకి ఇది మొదట్లోనే అంటకుండా చూడండి.

నచ్చకపోతే వాపసు ఇస్తాను. స్టీమ్‌లో కొన్న 14 రోజుల లోపు, 2 గంటలకు మించి ఆడకపోతే డబ్బు తిరిగి ఇస్తారు. కొన్న వస్తువు బాగోలేకపోతే మర్యాదగా తిరిగివ్వడం తప్పు కాదని పిల్లలకి తెలియాలి.

దొంగ కాపీ జోలికి పోను. డబ్బిచ్చి కొనాల్సిన ఆటని ఊరికే ఇస్తామనే ‘మోడ్ ఏపీకే’ ఫైళ్లు పిల్లల గ్రూపుల్లో తిరుగుతుంటాయి. ప్లే స్టోర్ బయటినుంచి వచ్చే అలాంటి ఫైల్ వెనకాల ఏం దూరుతుందో ఎవరూ చెప్పలేరు. మీ బ్యాంకు ఖాతా ఉన్న ఫోన్లోకి దాన్ని రానివ్వకండి. ‘సగం ధరకే యూసీ’, ‘మంచి లెవెల్‌లో ఉన్న ఐడీ అమ్ముతాం’ అనే బేరాలు కూడా అంతే. డబ్బు మన ఖాతాలోకి రావడానికి పిన్ కొట్టక్కర్లేదన్న ఒక్క ముక్క ఇంట్లో అందరికీ తెలిసుండాలి. మోసం జరిగితే సిగ్గుపడి దాచకుండా వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. ఎంత తొందరగా చేస్తే డబ్బు ఆగే అవకాశం అంత ఎక్కువ.

మ్యాచ్ మధ్యలో లాక్కోకండి

సమయం దగ్గరే ఇళ్లలో ఎక్కువ గొడవ. “ఇంకో ఐదు నిమిషాలే అమ్మా” అంటాడు, మనం ఫోను లాక్కుంటాం, వాడు అరుస్తాడు. లోపల ఏం జరుగుతోందో చెబుతాను. బీజీఎంఐ పెద్ద మ్యాప్‌లో 100 మంది దిగుతారు, చివరిదాకా నిలిస్తే అరగంట పడుతుంది. ఫ్రీ ఫైర్‌లో 50 మంది, పది పదిహేను నిమిషాలు. నలుగురు జట్టుగా ఆడుతున్నప్పుడు ఒకడు మాయమైతే మిగతా ముగ్గురూ వాణ్ణి తిడతారు. మ్యాచ్ మధ్యలో ఆపడానికి బటన్ ఉండదు.

అందుకే గడియారంతో కాకుండా మ్యాచ్‌లతో లెక్క పెట్టుకోండి. “ఈరోజు రెండు మ్యాచ్‌లు, హోమ్‌వర్క్ అయ్యాక” అని ముందే ఒప్పందం చేసుకోండి. భోజనానికి పిలిచేటప్పుడు “ఆపు” అనే బదులు “ఎంతమంది మిగిలారు, ఎంతసేపట్లో అయిపోతుంది?” అని అడగండి. ఆ ఒక్క ప్రశ్నతో మీకు ఆట తెలుసని వాడికి అర్థమవుతుంది. ఆపాల్సిన చోటు వాడి నోటితోనే వస్తుంది. రెండో మ్యాచ్ అయ్యాక మాత్రం మెత్తబడకండి, మూడోది లేదంటే లేదు.

ప్రభుత్వమో కంపెనీయో చూసుకుంటుందిలే అనుకోకండి. ఆగిపోయిన బీజీఎంఐ 2023 మేలో తిరిగొచ్చినప్పుడు, 18 ఏళ్ల లోపువాళ్లకి రోజుకి 3 గంటలే అని హద్దు పెట్టారు. పెద్దవాళ్ల వయసు కొట్టి లోపలికి పోవడం పిల్లలకి ఎంతసేపు? అయినా బడికెళ్లే పిల్లాడికి 3 గంటలు తక్కువా? 2021 ఆగస్టులో చైనా ప్రభుత్వం మైనర్లకి శుక్ర, శని, ఆదివారాల్లోనూ సెలవు దినాల్లోనూ రాత్రి 8 నుంచి 9 వరకే ఆన్‌లైన్ ఆటలని నియమం పెట్టింది. అంత కట్టడి మన దగ్గర లేదు. హద్దు ఇంట్లోనే గీసుకోవాలి.

డబ్బు పందెం ఆట కాదు

పెద్ద పిల్లలున్న ఇళ్లకి ఇంకో మాట. రమ్మీ, ఫాంటసీ క్రికెట్ లాంటివి గేములనే పేరుతోనే ఫోన్లోకి వచ్చాయి. డబ్బు పెట్టి డబ్బు గెలిచే ఆన్‌లైన్ ఆటల్ని మన రాష్ట్రం 2020లోనే నిషేధించింది. 2025 ఆగస్టులో పార్లమెంటు దేశమంతటికీ చట్టం చేసింది. నైపుణ్యమా అదృష్టమా అన్న వాదనతో పని లేకుండా, డబ్బు పందెం ఆటలు నడిపేవాళ్లకి మూడేళ్ల దాకా జైలు, కోటి రూపాయల దాకా జరిమానా. ఆడినవాణ్ణి మాత్రం ఈ చట్టం శిక్షించదు, బాధితుడిగానే చూస్తుంది. కాబట్టి కొడుకు అలాంటి దాంట్లో ఇరుక్కుంటే పోలీసు భయంతో దాచకండి, సాయం అడగండి.

అదే చట్టం ఈ-స్పోర్ట్స్‌ని, అంటే పోటీలుగా ఆడే వీడియో గేముల్ని, వేరుగా గుర్తించింది. 2023లో హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో వాటికి పతకాలిచ్చారు కూడా. “నేనూ ప్రో ప్లేయర్ అవుతాను” అని పిల్లాడంటే నవ్వకండి, చదువు మానేసి కూర్చోనివ్వకండి. పోటీలకి ఎలా ఎంపిక చేస్తారో, రోజూ ఏం సాధన చేయాలో, ఎంతమందిలో ఒకడు నిలబడతాడో తెలుసుకుని వచ్చి చెప్పమనండి.

పక్కన కూర్చోండి

మన తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం. బడి సెలవులూ చాలావరకు అప్పుడే. ఇక్కడే వేటాడే తండ్రులకి పిల్లాడి పక్కన తీరిగ్గా కూర్చునే రోజులవి. వాడి ఆట ఒకటి మీరు నేర్చుకోండి, మీ చిన్ననాటి పులిజూదమో అష్టా చెమ్మానో వాడికి నేర్పండి. ఫోన్లో మీరు ఓడిపోతే మరీ మంచిది. నాన్నకి నేర్పే అవకాశం ఏ పిల్లాడికీ రోజూ రాదు. దూరాన ఉన్న తండ్రులు వీడియో కాల్‌లో “ఇంకా ఫోనేనా?” అనే బదులు “ఈరోజు ఏ మ్యాప్‌లో దిగావు?” అని అడిగి చూడండి, సంభాషణ ఎంత సాగుతుందో.

ఎప్పుడు భయపడాలి? ఎక్కువ ఆడిన ప్రతి పిల్లాడూ రోగి కాడు. ప్రపంచ ఆరోగ్య సంస్థ రోగాల జాబితాలో గేమింగ్ డిజార్డర్ కూడా ఉంది, 2022 జనవరి నుంచి అమల్లోకి వచ్చింది. అందులో చూసేవి మూడు. ఆటమీద అదుపు తప్పడం. తిండి, నిద్ర, చదువు, స్నేహాలకంటే ఆటే ముఖ్యమైపోవడం. చెడు జరుగుతోందని తెలిసీ ఆపలేకపోవడం. ఇవి మామూలుగా ఏడాదిపాటు కనిపిస్తేనే రోగమంటారు, తీవ్రంగా ఉంటే అంతకు ముందే అనొచ్చు. మీ పిల్లాడిలో ఈ మూడూ కనిపిస్తుంటే కొట్టి లాభం లేదు. 14416కి ఫోన్ చేస్తే మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ-మానస్ వాళ్లు ఉచితంగా మాట్లాడతారు, తెలుగులోనే.

ఇక మొదట్లో అడిగిన ప్రశ్నకి నా జవాబు. అవును, డబ్బులు పోసి కొనండి. పుట్టినరోజుకో, సంక్రాంతికో, పరీక్షలయ్యాకో ఒక్కటి. కొనే ముందు ఎందుకు కావాలో, ఎంతవుతుందో, లోపల మళ్లీ ఏమైనా అడుగుతుందో, ఎప్పటికి అయిపోతుందో వాడి చేతే చెప్పించండి. మొదటిసారి నీళ్లు నములుతాడు. రెండోసారికి కాగితం మీద రాసుకొస్తాడు. ఆటల వ్యాపారం ఎలా నడుస్తుందో అర్థమైన పిల్లాడికి మీ కాపలా అంతగా అవసరముండదు. యూసీ కట్టని చూసి “ఇందులో ఎంత వృథాగా మిగిలిపోతుంది?” అని వాడే లెక్క వేస్తాడు.